చెమర్చిన మూల

గత ఆగస్టులో ఒక సాయంత్రం బావ ఫోను చేశాడు. "కోల్డ్ రూము గోడ మూలలో నీళ్లు కారుతున్నాయి. లోపల కాదు, బయట. ఒకసారి వచ్చి చూడు" అన్నాడు. నేను నల్లగొండలో ఒక ఇంజనీరింగ్ కళాశాలలో మెకానికల్ విద్యార్థులకు ఉష్ణ ప్రసరణ పాఠం చెబుతాను. అందుకని ఇంట్లో ఏది చల్లబడకపోయినా, వేడెక్కినా నాకే కబురు వస్తుంది. మర్నాడు ఆదివారం కావడంతో పొద్దున్నే బస్సెక్కి కనగల్ వైపు వెళ్లాను.

బావకు తొమ్మిది ఎకరాల బత్తాయి తోట ఉంది. మా జిల్లా బత్తాయి ఢిల్లీ, కోల్‌కతా దాకా వెళ్తుంది. అయితే అందరి కాయా ఒకేసారి కోతకు వస్తే ధర పడిపోతుంది. పది పదిహేను రోజులు కాయను నిలబెట్టుకోగలిగితే రైతు చేతిలో కాస్త బలం ఉంటుంది. ఆ ఆశతోనే అప్పు చేసి, కాయలు కడిగే షెడ్డులో ఒక మూలగా చిన్న కోల్డ్ రూము కట్టించాడు. పొడవు 6 మీటర్లు, వెడల్పు 4, ఎత్తు 3. గోడలు, పైకప్పు పఫ్ ప్యానెళ్లు. అంటే రెండు పలుచని ఇనుప రేకుల మధ్య 80 మిల్లీమీటర్ల ఫోము. ఒక్కో రేకు మందం అర మిల్లీమీటరు. లోపల 6 డిగ్రీలు ఉంచుతున్నారు.

గోడ మూల దగ్గర నిలబడి చేయి పెట్టి చూశాను. ప్యానెల్ మధ్యభాగం పొడిగా ఉంది. రెండు ప్యానెళ్లు కలిసే మూలలో మాత్రం కింది నుంచి పైదాకా రెండు వేళ్ల వెడల్పున సన్నని తడి చార. తుడిచాను. పావుగంటలో మళ్లీ చెమర్చింది. మొదట నాకు తట్టింది గాలి లీకు. అతుకులోంచి చల్లగాలి బయటికి వస్తున్నదేమోనని అక్కను అగరబత్తి అడిగి తెచ్చి, వెలిగించి మూల పొడవునా నెమ్మదిగా జరిపాను. పొగ నిట్టనిలువుగానే లేచింది, ఎక్కడా పక్కకు వంగలేదు. గాలి రావడం లేదన్నమాట. కాయలు కడిగే చోటు కావడంతో షెడ్డులో నేల ఎప్పుడూ తడే. ఆ సమయంలో అక్కడ 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉంది. అలాంటి గాలి సుమారు 26 డిగ్రీల కంటే చల్లని ఉపరితలాన్ని తాకితే చాలు, నీరుగా మారుతుంది. అంటే ఆ చార దగ్గర రేకు 26 కంటే చల్లగా ఉంది. ఎందుకు?

ఆ రాత్రి ఇంటికొచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. నా దగ్గర ఉన్నది 2004 నుంచి ఉచితంగా దొరుకుతున్న ఓపెన్‌ఫోమ్. వేడి, గాలి ఎలా కదులుతాయో లెక్క కట్టే సాఫ్ట్‌వేర్ అది. పాత ల్యాప్‌టాప్ మీద కూడా నడుస్తుంది. పైగా లోపల ఏ సమీకరణం ఎలా లెక్క కడుతున్నదో చూసుకునే వీలుంది. నేను దాన్ని ఇష్టపడేది అందుకే.

గది మొత్తాన్నీ గీసి గోడలను మందం లేని ఉపరితలాలుగా పెట్టాను. అర మిల్లీమీటరు రేకును నిజమైన గళ్లుగా, అంటే లెక్క కోసం చిన్న చిన్న ముక్కలుగా, కోసి లెక్క కట్టడం అసాధ్యం అనిపించింది. అయిదు మిల్లీమీటర్ల చదరపు గళ్లు వేసుకున్నా, 84 చదరపు మీటర్ల గోడలకూ పైకప్పుకూ లోపలి, బయటి రేకులకే 67 లక్షల గళ్లు కావాలి. మధ్యలో ఫోముకు వేసే పొరలు కలిపితే లెక్క కోట్లలోకి పోతుంది. ఇలాంటి అవసరానికే ఆ సాఫ్ట్‌వేర్‌లో ఒక సులువు ఉంది. సరిహద్దు షరతులో, అంటే అంచు దగ్గర వేడి ఎలా దాటాలో చెప్పే చోట, పొరల మందాల జాబితా, వాటి ఉష్ణవాహకతల జాబితా ఇస్తే చాలు. ఉపరితలానికి మందం లేకపోయినా ఆ పొరలన్నీ ఉన్నట్టుగా ఉష్ణ నిరోధాన్ని లెక్కలోకి తీసుకుంటుంది. మందాలు మీటర్లలో 0.0005, 0.08, 0.0005 అని, వాహకతలు 50, 0.023, 50 అని రాశాను. బయట 30 డిగ్రీలు, లోపల 6, రెండు వైపులా గాలికీ గోడకూ మధ్య చదరపు మీటరుకు డిగ్రీకి 8 వాట్ల ఉష్ణ బదిలీ.

ఫలితం చక్కగా వచ్చింది. బయటి ఉపరితలం అంతటా 29.2 డిగ్రీలు. గోడ మధ్యలోనూ 29.2, మూలలోనూ 29.2. ఆ లెక్క ప్రకారం ఆ గోడకు ఎక్కడా తడి పట్టకూడదు. నా వేలికి అంటిన తడి మాత్రం అబద్ధం కాదు.

రెండు రోజులు ఇన్‌పుట్ ఫైళ్లలో తప్పు వెతికాను. సంఖ్యలన్నీ సరిగానే ఉన్నాయి. మూడో రోజు తరగతిలో రెక్కల పాఠం చెబుతూ, అంటే ఇంజన్ మీద ఉండే ఫిన్ల గురించి చెబుతూ, బోర్డు మీద రేకు పొడవునా వేడి ప్రవహించే బాణం గీశాను. గీసిన చేయి అక్కడే ఆగింది. నా నమూనాలో ఆ బాణానికి చోటే లేదు. పొరల జాబితా ఇచ్చినప్పుడు సాఫ్ట్‌వేర్ వేడిని గోడకు అడ్డంగా మాత్రమే, అంటే ఈ వైపు నుంచి ఆ వైపుకు మాత్రమే పంపుతుంది. ప్రతి చిన్న ముక్కకూ ఎదురుగా ఉన్న ముక్క తెలుసు, పక్కనున్న ముక్క తెలియదు. చదునైన గోడకు అది చాలు, ఎందుకంటే అక్కడ పక్క ముక్క కూడా అదే వేడిమిలో ఉంటుంది. మూల దగ్గర అది చాలదు.

మధ్యాహ్నం స్టాఫ్ రూములో కూర్చుని కాగితం మీద లెక్క వేశాను. మా మూలలో ఒక ప్యానెల్ చివరిదాకా సాగుతుంది. రెండోది దాని లోపలి ముఖానికి ఆనుకుని నిలబడుతుంది. అందువల్ల మొదటి ప్యానెల్ లోపలి రేకు, రెండో ప్యానెల్ అంచు కిందుగా సాగి బయటికి వచ్చేస్తుంది. అంటే ఒకే ఇనుప రేకుకు ఒక కొస 6 డిగ్రీల గదిలో ఉంటే, ఇంకో కొస 30 డిగ్రీల షెడ్డులో ఉంది. మధ్యలో ఉన్న దూరం 80 మిల్లీమీటర్లు. ఒక మీటరు ఎత్తు మూలను తీసుకుంటే ఆ రేకు వాహకత 50ని మందం 0.0005తో గుణించి, 0.08తో భాగిస్తే డిగ్రీకి 0.31 వాట్లు. ఒక చదరపు మీటరు ఫోము గుండా పోయేది 0.023ను 0.08తో భాగిస్తే డిగ్రీకి 0.29 వాట్లు. రెండు సంఖ్యలను పక్కపక్కన రాసి చాలాసేపు చూశాను. చూపుకు ఆనని రేకు అంచు ఒక మీటరు పొడవున మోసే వేడి, చదరపు మీటరు ఫోము మోసేదానికి తీసిపోదు. అర మిల్లీమీటరే కదా అని మనసులో కొట్టిపారేసిన దాని బలం అది.

నిజంలో అంత వేడి పోదు. ఎందుకంటే రేకు ముందుగా గాలి నుంచి వేడిని పట్టుకోవాలి, అవతల గాలికి వదలాలి. ఆ రెండు చోట్లా రేకు రెక్కలా పనిచేస్తుంది. వాహకత, మందం గుణించి, గాలి బదిలీతో భాగించి, వర్గమూలం తీస్తే 5.6 సెంటీమీటర్లు వచ్చింది. మూల నుంచి అంత దూరం దాకా రేకు చల్లదనం పాకుతుందన్నమాట. ఇవన్నీ వరుసగా కలిపితే మీటరు మూలకు సుమారు 4.4 వాట్లు, మూల దగ్గర బయటి రేకు 25.1 డిగ్రీలు. 26 కంటే తక్కువ. తడి ఎందుకు పడుతున్నదో కాగితం చెప్పేసింది.

అప్పటికి ఆపేయవచ్చు. కానీ ఆ లెక్కలో ఫోము ప్రభావం లేదు, మూల మీద బిగించిన లోహపు యాంగిళ్ల (ఎల్ ఆకారపు పట్టీల) అతుకులు లేవు. పైగా దీన్ని ఎలా సరిచేయాలో తేల్చాలంటే నాలుగైదు రకాలుగా మార్చి చూడాలి. అందుకు నమూనా కావాలి.

మూల కింది నుంచి పైదాకా ఒకేలా ఉంటుంది కాబట్టి గది మొత్తం అక్కర్లేదు, అడ్డకోత చాలు. మూల నుంచి రెండు వైపులా మీటరు చొప్పున తీసుకుని రెండు కొలతల నమూనా గీశాను. ఇప్పుడు రేకులను నిజమైన గళ్లుగానే వేయవచ్చు. మూల దగ్గర పావు మిల్లీమీటరు గడితో మొదలుపెట్టి దూరంగా వెళ్లేకొద్దీ పది మిల్లీమీటర్ల దాకా పెంచాను. రేకు మందంలో ఎన్ని గళ్లుండాలని మొదట మథనపడ్డాను గానీ అది అనవసరమైన బెంగ. ఇంత పలుచని ఇనుములో ఈ వైపుకూ ఆ వైపుకూ వేడిమిలో తేడా లెక్కలోకి రానంత స్వల్పం. ఒక్క గడి వేసినా సరిపోయేది.

బహుళ ప్రాంతాల సాల్వర్‌లో (సమీకరణాలను సాధించే ప్రోగ్రాములో) ప్రతి రేకునూ ఒక ప్రాంతంగా, ఫోమును వేరే ప్రాంతాలుగా పెట్టి నడిపాను. రెసిడ్యుయళ్లు, అంటే సమీకరణాల్లో ఇంకా మిగిలి ఉన్న తేడాలు, బుద్ధిగా పడిపోయాయి. ప్రతి ప్రాంతంలోకి వచ్చే వేడి, పోయే వేడి కూడి చూస్తే సున్నా. ఫలితం చూస్తే బయటి మూల 29 డిగ్రీలు!

నాకు నిద్ర పట్టని రాత్రి అదే. రేకులు ఉన్నాయి, వాహకత ఉంది, లెక్క కుదురుకుంది, వేడి కూడిక సరిపోయింది. అయినా జవాబు మారలేదు. అర్ధరాత్రి దాటాక ఒక పని చేశాను. ఇప్పుడు నా విద్యార్థులందరి చేతా మొదట చేయించేది అదే. అన్నీ పక్కన పెట్టి, రెండే రెండు రేకు ముక్కలు గీశాను. ఒక్కోటి 100 మిల్లీమీటర్లు, కొసకు కొస ఆనించి. ఒక చివర 40 డిగ్రీలు, రెండో చివర 10. చుట్టూ ఎక్కడికీ వేడి పోదు. అతుకు దగ్గర 25 రావాలని ఎవరైనా చెప్పగలరు. నా నమూనాలో మొదటి ముక్క మొత్తం 40, రెండో ముక్క మొత్తం 10. అవి ఒకదాన్నొకటి తాకుతున్నట్టు తెరమీద కనిపిస్తున్నాయి గానీ లెక్కలో తాకడం లేదు.

కారణం వెంటనే దొరికింది. రెండు ప్రాంతాలు ఒకే చోట ఆనుకున్నంత మాత్రాన వేడి దాటదు. ఈ ముఖం ఆ ముఖానికి జత అని చెప్పాలి, రెండు వైపులా కలిపే సరిహద్దు షరతు రాయాలి. రేకుకూ ఫోముకూ మధ్య ఉన్న వెడల్పాటి ముఖాలకు నేను అది రాశాను. రేకు కొస మరో రేకును తాకే చోట ముఖం అర మిల్లీమీటరే. అది మిగతా అంచులతో పాటు ఒకే పేరు కింద చేరిపోయి, వేడి దాటని అంచుగా మిగిలింది. జీరో గ్రేడియెంట్ అనే షరతు అర్థం అదే. ఆ మూలలో రేకులు మూడు చోట్ల ఒకదాన్నొకటి కలుస్తాయి, మూడు చోట్లా ఇదే కథ. రెసిడ్యుయల్ గానీ వేడి కూడిక గానీ దీన్ని పట్టుకోలేదు. ఉన్న దారుల్లో లెక్క సరిగా జరిగిందా అని మాత్రమే అవి చెబుతాయి. లేని దారి గురించి వాటికి తెలియదు.

ఆ మూడు చిన్న ముఖాలకూ వేర్వేరు పేర్లు పెట్టి, జతలు కలిపి, ముందు రెండు ముక్కల పరీక్ష నడిపాను. అతుకు దగ్గర 25.0 వచ్చింది.

ఇక్కడ ఇంకో జాగ్రత్త చెప్పాలి. ఇనుము వాహకత ఫోము కంటే రెండు వేల రెట్లు ఎక్కువ. ప్రాంతాలు ఒకదాని తర్వాత ఒకటిగా లెక్క కట్టుకుంటూ సరిహద్దులో కబురు మార్చుకుంటాయి కాబట్టి, రేకు వేడిమి చివరి విలువకు చాలా నెమ్మదిగా చేరుతుంది. రెసిడ్యుయల్ పడిపోయిందని ఆపేస్తే ఇంకా రెండు డిగ్రీలు కదలవలసినది మిగిలిపోయేది. మూలలో ఒక బిందువు ఎంచుకుని దాని వేడిమిని గీతగా గీస్తూ, ఆ గీత చదునయ్యే దాకా నడిపించాను.

బావ డబ్బుతో పని కాబట్టి నా మాట మీద నాకు ఇంకా గట్టి నమ్మకం కావాలనిపించింది. భవనాల్లో ఇలాంటి వేడి వంతెనలను (వేడి సులువుగా దాటిపోయే చోట్లను) లెక్కించడానికి ఐఎస్ఓ 10211 అనే ప్రమాణం ఉంది. సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించుకోవడానికి అందులో జవాబులతో సహా నమూనాలు ఇచ్చారు. రెండో నమూనాలో కాంక్రీటు, కలప, ఇన్సులేషన్‌తో పాటు పలుచని అల్యూమినియం రేకు కూడా ఉంటుంది. సరిగ్గా నాకు కావలసిన చిక్కు. మీటరుకు 9.5 వాట్లు రావాలి, తేడా 0.1 మించకూడదు. నా పద్ధతితో ఆ హద్దులోనే వచ్చింది. అప్పుడు గాని మళ్లీ బావ గోడ జోలికి పోలేదు.

ఈసారి బయటి మూల 25.2 డిగ్రీలు. మీటరుకు 4.3 వాట్లు. రేకు మీద 26.2 కంటే చల్లగా ఉన్న భాగం మూలకు ఇటూ అటూ ఒకటిన్నర సెంటీమీటరు చొప్పున, మొత్తం మూడు సెంటీమీటర్లు. ఆ సంఖ్య చూసి నా రెండు వేళ్లు ఆనించి తెరమీద పెట్టుకున్నాను. అక్కడ గోడ మీద చూసిన తడి చార వెడల్పు అంతే.

పైకప్పు ప్యానెళ్లు కూడా గోడల మీద ఇదే తీరున కూర్చున్నాయి. నాలుగు మూలలు, పైన చుట్టుకొలత కలిపితే 32 మీటర్ల అతుకు. అంతటా కలిపి దాదాపు 138 వాట్లు లోపలికి వస్తున్నాయి. ప్యానెళ్ల మొత్తం విస్తీర్ణం గుండా వచ్చేది 540 వాట్లు. అంటే బావ కొన్న ప్యానెళ్ల గుండా వచ్చేదానికి నాలుగో వంతు అదనంగా ఆ అంచుల్లోంచి దొంగతనంగా వస్తోంది. రాత్రీపగలూ తిరిగే కంప్రెసర్ కరెంటు బిల్లులో ఆ భాగం బావదే.

అతుకుల్లో పూసిన సిలికాన్ వేడిని ఆపదా అన్నది తరువాతి ప్రశ్న. మొదట్లో నన్ను పక్కదారి పట్టించిన ఆ పొరల జాబితా ఇక్కడ సరిగ్గా పనికొచ్చింది. రెండు రేకులు ఒకదాని మీద ఒకటి పరుచుకున్న చోట వేడి అడ్డంగానే దాటుతుంది కదా. ఒక మిల్లీమీటరు సిలికాన్, వాహకత 0.2 అని రాశాను. 25 మిల్లీమీటర్లు పరుచుకున్న అతుకుకు దాని నిరోధం 0.2 వచ్చింది. రేకు వంతెన నిరోధం 3.2. సిలికాన్ నీటినీ గాలినీ ఆపుతుంది, వేడిని ఆపేంత శక్తి ఆ వెడల్పులో దానికి లేదు.

వారం తర్వాత ప్యానెళ్లు బిగించిన మేస్త్రీని పిలిపించి, ఫలితం బొమ్మను ఫోనులో చూపించాను. ఆయన పెద్దగా చదువుకోలేదు. రంగుల బొమ్మను ఒక్క చూపు చూసి, "లోపలి రేకు కోయాలి సార్. పెద్ద గోదాముల్లో ప్యానెల్ నిలబెట్టక ముందే చీల్చేస్తాం. ఇక్కడ చిన్న గదే కదా, త్వరగా ముగించండి అన్నారని వదిలేశాం" అన్నాడు. వారాల తరబడి నేను వెతికిన దారి ఆయన చేతికి ఎప్పుడో తెలుసు. ఆ మాట విన్నప్పుడు ఆయన మీద నాకు కోపం రాలేదు, గౌరవం కలిగింది.

"ఇప్పుడు కోయవచ్చా అన్నా?" అని అడిగాను.

"లోపలి నుంచి మూల యాంగిల్ విప్పి, రేకు ఒక్కటే పై నుంచి కింది దాకా చీల్చవచ్చు. తర్వాత యాంగిల్ మళ్లీ బిగిస్తా."

ఇక్కడ మాత్రం నా నమూనా ఆయనకు ఒక కొత్త సంగతి చెప్పింది. పది మిల్లీమీటర్ల కోత పెట్టి దాని మీదుగా అదే లోహపు యాంగిల్ బిగించినట్టు ముందే లెక్క కట్టి ఉంచాను. మూల 25.2 నుంచి 25.3 అయింది, అంతే. వేడి కోతను తప్పించుకుని యాంగిల్ మీదుగా దాటిపోతోంది. యాంగిల్ బదులు పీవీసీది పెట్టి, కోతలో ఫోము నింపితే 28.4. ఈ రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టి చూపించాను. ఆయన కాసేపు చూసి, "మేం అన్నిచోట్లా లోహం యాంగిలే వేస్తున్నాం" అన్నాడు నెమ్మదిగా. ఆ తర్వాత బొమ్మను తన ఫోనుకు పంపించమని అడిగాడు.

గది ఖాళీ అయ్యాక పని మొదలుపెట్టారు. నిప్పురవ్వలు ఫోముకు అంటుకుంటాయని గ్రైండర్ వాడలేదు. రేకు కత్తెరతో, చేతి రంపంతో నిదానంగా కోశారు. ఒక్కో మూలకు దాదాపు ఒక పూట పట్టింది. నాలుగు మూలలూ అయ్యేసరికి బత్తాయి రెండో లోడు కోతకు సిద్ధంగా ఉండటంతో పైకప్పు అతుకులు మిగిలిపోయాయి.

సెప్టెంబరు చివర వాన పడిన ఒక రాత్రి వెళ్లాను. షెడ్డులో తేమ అప్పటిలాగే ఉంది, వేడి 29. గన్ థర్మామీటర్ తీసుకెళ్లాను. రంగు పూత ఉన్న రేకు మీద అది సరిగ్గానే చూపుతుంది. మెరిసే లోహం మీద తప్పు చూపుతుంది కాబట్టి బయటి అల్యూమినియం యాంగిల్ మీద నల్లటి ఇన్సులేషన్ టేపు ముక్క అతికించి దాని మీద గురిపెట్టాను. 27.3 చూపింది. గోడ మధ్యలో 28.2. మూల మీద అరచేయి ఆనించి పై నుంచి కింది దాకా జరిపాను, పొడిగా ఉంది. బావ కూడా చేయి పెట్టి చూశాడు. ఆ తర్వాత తల ఎత్తి పైకప్పు అంచు చూపించాడు. అక్కడ సన్నగా, వరుసగా నీటి బొట్లు వేలాడుతున్నాయి.

"అది ఎప్పుడు?" అన్నాడు.

"కాయ దిగగానే. ముందు దాని అడ్డకోత గీయాలి బావా, అక్కడ యాంగిల్ వేరే రకం" అని, టార్చి వెలుగులో టేపుతో కొలతలు తీసుకోవడం మొదలుపెట్టాను.